చేపలో పాదరసం, పుట్టిన బిడ్డలో క్రోమోజోమ్ తేడా: రెండిటికీ నిజంగా సంబంధం ఉందా?

పొలంలో చేపల కుంట మీద మనం పెట్టిన వీడియో చూసి పక్క మండలం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్ళ కోడలికి పాప పుట్టింది, డౌన్ సిండ్రోమ్ అని డాక్టర్లు చెప్పారట. "కడుపుతో ఉన్నప్పుడు ఊర చెరువు చేపలు తిన్నదండి, ఆ చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్ళు వస్తాయి, అందుకే ఇలా అయిందని ఇంట్లో ఆడవాళ్ళు అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. ఆ అమ్మాయికి 24 ఏళ్ళు. చేపలు తినొద్దన్నా విన్నది కాదని ఇంట్లో ఎవరూ ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదంట.

ఫోన్లో ఆయనకి చెప్పింది కొంతే. విషయం పెద్దది, సగం సగం చెబితే ప్రమాదం. అందుకే వీడియోతో పాటు ఇలా రాసి కూడా పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, వ్యవసాయ డిప్లొమా చదివి పంట పండించుకునేవాణ్ణి. కానీ క్రోమోజోముల గురించి మన పంటల్లో చదివిందే మనిషికీ వర్తిస్తుంది, లోహాల సంగతైతే నేరుగా మన మట్టికి, నీటికి సంబంధించిందే.

ముందు క్రోమోజోమ్ అంటే ఏంటో పొలం భాషలో

ప్రతి కణంలో వంశ లక్షణాలు రాసి ఉన్న దారపు ఉండల్లాంటివి క్రోమోజోములు. అవి జతలుగా ఉంటాయి. వరికి 24, ఉల్లికి 16, మన శీలావతి చేపకి 50, మనిషికి 46. సంఖ్య ఎక్కువ ఉంటే గొప్ప, తక్కువ ఉంటే తక్కువ అని కాదు, ఏ జాతికి ఆ లెక్క అంతే.

మొక్కల్లో ఈ లెక్క మారినా చాలాసార్లు బాగానే బతుకుతాయి. మనం తినే అరటిపండు అదే. ప్రతి క్రోమోజోమూ రెండు బదులు మూడు ఉంటాయి, అందుకే గింజ పట్టదు. గింజల్లేని పుచ్చకాయ కూడా అలా తయారు చేసిందే. మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఒక్క క్రోమోజోమ్ ఎక్కువైనా, తక్కువైనా చాలావరకు పిండం మొదటి నెలల్లోనే పోతుంది. నిలబడి పుట్టేవి కొన్నే. 21వ క్రోమోజోమ్ రెండు బదులు మూడు ఉంటే, అంటే మొత్తం 47 అయితే, అది డౌన్ సిండ్రోమ్. ఈ సంగతి 1959లో ఫ్రాన్స్‌లో లెజ్యూన్ బృందం బయటపెట్టింది. 18వది మూడైతే ఎడ్వర్డ్స్, 13వది మూడైతే పటౌ. ఈ రెండూ చాలా తీవ్రమైనవి. ఆడపిల్లల్లో ఒక ఎక్స్ తక్కువైతే టర్నర్, మగపిల్లల్లో ఒక ఎక్స్ ఎక్కువైతే క్లైన్‌ఫెల్టర్.

ఎందుకు మూడవుతాయి? అండం తయారయ్యేటప్పుడు ప్రతి జత విడిపోయి ఒకటి ఇటు, ఒకటి అటు వెళ్ళాలి. వాటిని లాగే సన్నని దారాలుంటాయి కణంలో. ఎప్పుడైనా ఒక జత విడిపోకుండా రెండూ ఒకే వైపు వెళ్ళిపోతాయి. ఆ అండంలోకి తండ్రి వైపు ఒకటి వచ్చి చేరితే మూడు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు తయారవడం మొదలై, ఈ విడిపోయే పని సగంలో ఆగి ఉంటుంది. అది మళ్ళీ కదిలేది ఆ అండం విడుదలయ్యే నెలలోనే. అంటే 38 ఏళ్ళ తల్లి అండం 38 ఏళ్ళు ఎదురు చూసిందన్నమాట. అందుకే వయసు పెరిగేకొద్దీ డౌన్ సిండ్రోమ్ అవకాశం పెరుగుతుంది: 25 ఏళ్ళకి సుమారు 1,200 మందిలో ఒకరు, 35కి 350 మందిలో ఒకరు, 40కి 100 మందిలో ఒకరు.

అయితే 24 ఏళ్ళకి ఎందుకు వచ్చింది అంటే, వస్తుంది. అవకాశం తక్కువంతే, సున్నా కాదు. అసలు పిల్లల్ని ఎక్కువమంది కనేది చిన్న వయసు తల్లులే కాబట్టి డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామంది వాళ్ళకే పుడతారు. ఇందులో తల్లి చేసిన తప్పేమీ లేదు. లెక్కేసి చూడండి, ఆ అండంలోనో, వీర్యకణంలోనో తేడా జరిగింది కడుపు పడకముందు. కడుపు పడ్డాక మూడో నెలలోనో ఐదో నెలలోనో తిన్న చేప వెనక్కి వెళ్ళి 21వ క్రోమోజోముని మూడు చెయ్యలేదు. ఆ పెద్దాయనకి ఫోన్లో నేను గట్టిగా చెప్పిన మాట ఇదొక్కటే.

నూటికి మూడు నలుగురిలో మాత్రం 21వ క్రోమోజోమ్ ముక్క వేరే దానికి అతుక్కుని ఉంటుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు. బిడ్డ రక్తంతో చేసే కారియోటైప్ పరీక్షలో తెలుస్తుంది. అలా తేలితే తల్లిదండ్రులిద్దరూ చేయించుకోవాలి, తర్వాతి కాన్పుకి అది ముఖ్యం.

మరి చేపలో లోహాల భయం ఉత్తిదేనా? కాదు

చేపలోని లోహం కడుపులో బిడ్డని దెబ్బతీసింది అనడానికి ప్రపంచంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. అది జపాన్‌లోని మినమాటా. అక్కడ చిస్సో అనే రసాయన కంపెనీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థ జలాన్ని సముద్రంలోకి వదిలింది. ముందు పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చచ్చాయి. 1956లో ఆరేళ్ళు కూడా నిండని ఒక పాపని నడవలేని, మాట సరిగ్గా రాని స్థితిలో కంపెనీ ఆసుపత్రికే తెచ్చారు. అక్కడి డాక్టర్ హొసోకావా మే 1న అధికారులకు తెలియజేశారు. మొదట అంటువ్యాధి అనుకుని ఆ కుటుంబాలని ఊళ్ళో వెలివేసినట్టు చూశారు. 1959లో హొసోకావా ఫ్యాక్టరీ వ్యర్థ జలాన్ని ఒక పిల్లికి తినిపించి చూస్తే దానికీ అదే జబ్బు వచ్చింది. ఆ ఫలితాన్ని కంపెనీ బయటకి రానివ్వలేదు. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకున్నది 1968లో. అప్పటిదాకా జనం ఆ చేపలు తింటూనే ఉన్నారు.

ఆ ఊళ్ళల్లో కొందరు పిల్లలు పుట్టుకతోనే మెడ నిలవక, చేతులు కాళ్ళు వంకర్లు తిరిగి, బుద్ధి ఎదగక ఉన్నారు. వాళ్ళ తల్లులు చాలామంది పైకి బాగానే ఉన్నారు. మాయ, అదే బిడ్డసంచిలో ఉండేది, విషాన్ని ఆపుతుందని అప్పటిదాకా డాక్టర్ల నమ్మకం. పాదరసం విషయంలో అది తప్పని తేలింది. మిథైల్ పాదరసం మాయ దాటిపోతుంది, పైగా బిడ్డ బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తంలో కంటే ఎక్కువ చేరుతుంది. జపాన్‌లో ఎండిన బొడ్డుతాడు ముక్కని దాచుకునే ఆచారం ఉంది, మన దగ్గర కూడా కొన్ని ఇళ్ళల్లో తాయెత్తులో పెట్టి కడతారు కదా, అలాగే. డాక్టర్ హరాదా ఆ దాచిన ముక్కల్లో పాదరసం కొలిపించి, ఏ ఏడాది పుట్టిన బిడ్డకి ఎంత విషం అందిందో చూపించారు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. మినమాటా పిల్లలకి వచ్చింది మెదడు దెబ్బ. వాళ్ళ జబ్బు క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల వచ్చింది కాదు. డౌన్ సిండ్రోమ్‌లో లెక్క తప్పింది, విషం లేదు. పుట్టుకతో వచ్చే లోపాలన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. గ్రహణం మొర్రి వేరు, వెన్ను పూస మూసుకోకపోవడం వేరు, మెదడు దెబ్బ వేరు, క్రోమోజోమ్ తేడా వేరు. కారణాలు కూడా వేరువేరు.

అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది?

లోహాలకీ క్రోమోజోములకీ సంబంధం గాల్లోంచి పుట్టిన మాట కూడా కాదు. స్వీడన్‌లో 1950, 60లలో విత్తనాలకి పాదరసం మందు పట్టించేవారు, ఆ గింజలు తిని పిట్టలు చచ్చాయి. అప్పుడు రామెల్ అనే శాస్త్రవేత్త ఉల్లి వేర్లని సేంద్రియ పాదరసం కలిపిన నీటిలో పెట్టి చూశారు. ఇందాక చెప్పిన లాగే దారాలు దెబ్బతిని, క్రోమోజోములు విడిపోకుండా గందరగోళం అయ్యాయి. పండ్ల ఈగల్లో కూడా విడిపోవడంలో తేడాలు కనిపించాయి. పాదరసం ఎక్కువున్న చేపలు తిన్న స్వీడన్ మనుషుల తెల్ల రక్తకణాల్లో క్రోమోజోములు విరిగినట్టు 1970లో ఒక అధ్యయనం వచ్చింది. కాడ్మియం, ఆర్సెనిక్, ఆరో రకం క్రోమియం కూడా కణాల్లో ఇలాంటి నష్టం చేస్తాయి.

కానీ రక్తకణంలో క్రోమోజోమ్ విరగడం వేరు, అండంలో 21వ జత విడిపోకపోవడం వేరు. రక్తకణం కొన్నాళ్ళకి పోతుంది, బిడ్డకి అందదు. చేపల్లోని లోహాల వల్ల మనుషుల్లో డౌన్ సిండ్రోమ్ పెరిగింది అని రుజువు కాలేదు. మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళలో కొందరు "రసాయన తిండి వల్లే ఇలాంటి పిల్లలు పుడుతున్నారు, మా బియ్యం తింటే పుట్టరు" అని స్టాల్ ముందు బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు. నేనూ బియ్యం అమ్ముకునేవాణ్ణే. ఆ బోర్డు చదివే వాళ్ళలో అలాంటి బిడ్డని ఎత్తుకుని వచ్చిన తల్లి ఉండొచ్చు. మన పంటకి చెప్పుకోడానికి నిజమైన మంచి చాలా ఉంది, ఈ అబద్ధం అక్కర్లేదు.

చేపలోకి లోహం ఎలా చేరుతుంది

చెరువు అడుగు బురదలో గాలి ఆడని చోట కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నాచులోకి, నాచు తిన్న పురుగులోకి, పురుగుని తిన్న చిన్న చేపలోకి, చిన్న చేపని తిన్న పెద్ద చేపలోకి చేరుతూ ప్రతి మెట్టులో చిక్కబడుతుంది. పైమెట్టు చేపలో నీటిలో ఉన్నదాని కంటే పది లక్షల రెట్లు కూడా ఉండొచ్చు. ఇది కండలో మాంసకృత్తులకి అతుక్కుని ఉంటుంది. అందుకే ఉప్పు పసుపు వేసి ఎంత రుద్ది కడిగినా, పులుసు పెట్టినా, వేపినా పోదు. సీసం, కాడ్మియం అలా కాదు, ఎక్కువగా మొప్పలు, కాలేయం, మూత్రపిండాలు, ఎముకల్లో ఉంటాయి. పేగులు, మొప్పలు తీసేసి తింటే వీటి బాధ చాలా తగ్గుతుంది.

ఈ లెక్కన ఏ చేప తినాలి? చిన్నది, తక్కువ ఏళ్ళు బతికినది, నాచు మేసేది మంచిది. మెత్తళ్ళు, కవళ్ళు, మంచినీటి చెరువులో ఏడాది ఏడాదిన్నరకి పట్టే బొచ్చె, శీలావతి. చేపని చేప తిని ఏళ్ళ తరబడి పెరిగే వాటిలో పాదరసం ఎక్కువ. అమెరికాలో 2004లో గర్భిణులకి ఇచ్చిన సలహాలో మానెయ్యమన్న నాలుగు రకాల్లో సొర ఒకటి, మన వంజరానికి దగ్గరి చుట్టమైన పెద్ద మాకెరెల్ ఇంకొకటి. మిగతా చేపలు వారానికి 340 గ్రాముల దాకా తినొచ్చన్నారు. అంటే చేపలు మానమని కాదు. బిడ్డ మెదడుకి కావాల్సిన కొవ్వు చేపలోనే బాగా ఉంది.

మన కోస్తాలో బాలింతకి పాలు పడతాయని సొరపుట్టు వండి పెడతారు. పాలసొర చిన్న జాతే, అందులో పెద్ద సొరంత పాదరసం ఉండదు. పాల ద్వారా బిడ్డకి వెళ్ళేది కూడా మాయ ద్వారా వెళ్ళేదాని కంటే తక్కువ. ఒకపూట పెట్టారని అత్తగారితో గొడవ పడక్కర్లేదు. కానీ నెలంతా అదే పెట్టడం, పెద్ద సొర ముక్కలు కొనడం మానండి. మిథైల్ పాదరసం ఒంట్లోంచి సగం పోడానికి సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి, జాగ్రత్త అనేది పిల్లల్ని కనాలనుకున్న ఆరు నెలల ముందు నుంచే ఉంటే మంచిది.

విత్తనశుద్ధి చేసేవాళ్ళు ఇది తప్పక చదవాలి

1971లో ఇరాక్ ప్రభుత్వం రైతులకి మెక్సికో గోధుమ విత్తనం పంచింది. బూజు పట్టకుండా మిథైల్ పాదరసం మందు పట్టించి, గుర్తుకి గులాబీ రంగు వేశారు. సంచుల మీద హెచ్చరిక స్పానిష్, ఇంగ్లీషుల్లో ఉంది. చాలా చోట్ల విత్తనం వచ్చేసరికి అదును దాటిపోయింది. కరువు రోజులు. జనం ముందు కోళ్ళకి వేసి చూశారు, నాలుగు రోజులైనా ఏమీ కాలేదు. కడిగితే రంగు పోయింది. రంగుతో పాటు మందూ పోయిందనుకుని రొట్టెలు చేసుకున్నారు. పాదరసం దెబ్బ వారాల తర్వాత కనిపిస్తుంది. ప్రభుత్వ లెక్కల్లోనే 6,530 మంది ఆసుపత్రి పాలయ్యారు, 459 మంది పోయారు. కడుపుతో ఉండి ఆ రొట్టెలు తిన్న తల్లుల పిల్లల్లోనూ మినమాటా లాంటి మెదడు దెబ్బే.

మన దగ్గర కూడా చెరకు ముచ్చెలకి, వరి విత్తనానికి పాదరసం మందు వాడిన రోజులున్నాయి, పాతవాళ్ళకి ఎమిసాన్ పేరు గుర్తుంటుంది. దాన్ని 2018లో కేంద్రం నిషేధించింది. పాత డబ్బా ఎక్కడైనా గోదాంలో మూలన ఉంటే తెరవొద్దు, కాలవలో పారేయొద్దు, వ్యవసాయాధికారికి చెప్పి అప్పగించండి. బీజామృతం వాడేవాళ్ళకి ఈ బాధ లేదు. కానీ కొన్న విత్తనంలో ఎరుపో నీలమో రంగు ఉండి మిగిలిపోతే మాత్రం, ఏ మందైనా సరే, కడిగి కోళ్ళకి వేయడం వద్దు.

మన ప్రకృతి వ్యవసాయంలోకి లోహం వచ్చే దారులు

చేపల వ్యర్థం, బెల్లం కలిపి చేసే మీనామృతం గురించి చాలామంది అడుగుతున్నారు. లోహం పులిస్తే పోదు, నిజమే. కానీ లెక్క వేద్దాం. ఎకరం పొలంలో పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. చేప వ్యర్థంలో కిలోకి 1 మి.గ్రా. కాడ్మియం ఉందనుకున్నా, అది చాలా ఎక్కువ, పది కిలోల వ్యర్థంతో చేసినది మొత్తం ఒకే ఎకరానికి వాడితే 10 మి.గ్రా. అదే సిటీ కంపోస్టు చూడండి. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం కిలోకి 5 మి.గ్రా. దాకా కాడ్మియం, 100 మి.గ్రా. దాకా సీసం ఉండొచ్చు. ఆ హద్దు మీద ఉన్న కంపోస్టు 2 టన్నులు వేస్తే 10 గ్రాముల కాడ్మియం. మీనామృతం కంటే వెయ్యి రెట్లు. కాబట్టి భయపడాల్సింది చేప డ్రమ్ము గురించి కాదు, లారీ గురించి.

చెరువు మట్టి ఇంకా పెద్ద లెక్క. వేసవిలో ఎకరానికి 40 ట్రక్కులు తోలితే, ట్రక్కుకి 3 టన్నులు అనుకున్నా 120 టన్నులు. ఆ మట్టిలో కిలోకి 100 మి.గ్రా. సీసం ఉంటే 12 కిలోల సీసం మన పొలంలో పడ్డట్టే, దాన్ని మళ్ళీ తీసేది లేదు. పల్లె చెరువుల మట్టి బంగారం, అందులో సందేహం లేదు. కానీ రంగుల విగ్రహాలు ఏటా నిమజ్జనం చేసే పట్నం చెరువు, బ్యాటరీలు కరిగించే షెడ్ల కింద చెరువు, ఫ్యాక్టరీ కాలవ కలిసే చెరువు అయితే మొదటి ట్రక్కు తోలకముందే పరీక్ష చేయించండి. మామూలు భూసార పరీక్షలో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు వరకే చెబుతారు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం కావాలని పేరు పేరునా రాసి అడగాలి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఇవ్వాలి.

రాగి సంగతి మనవాళ్ళు పట్టించుకోరు. బోర్డో మిశ్రమం సేంద్రియంలో అనుమతి ఉన్నదే. కానీ మైలుతుత్తం చేపకి విషం, మొప్పలు దెబ్బతింటాయి, తేలిక నీటిలో మరీ ఎక్కువ. ద్రాక్షకో తమలపాకుకో కొట్టి ట్యాంకు తెచ్చి చేపల కుంటలో కడిగితే తెల్లారేసరికి పిల్లలు తేలతాయి. గట్టు అవతల కడగండి.

ఇంట్లో చేసుకునే ఉల్లి పరీక్ష

రామెల్ వాడిన ఉల్లినే మనం సులువుగా వాడుకోవచ్చు. ఒకే సైజు చిన్న ఉల్లిపాయలు పన్నెండు తీసుకోండి, మొలక మందు కొట్టనివి. అడుగున ఎండిన పాత వేర్లు గీరేయండి. ఆరింటిని వాన నీళ్ళో నమ్మకమైన మంచినీళ్ళో ఉన్న గ్లాసుల మీద, ఆరింటిని అనుమానం ఉన్న చెరువు నీళ్ళ మీద, అడుగు మాత్రం నీళ్ళకి తగిలేలా పెట్టండి. నీడలో ఉంచి రోజూ నీళ్ళు మార్చండి. నాలుగో రోజు స్కేలు పెట్టి ప్రతి పాయకి పొడుగు వేర్లు కొలిచి సగటు తీయండి. చెరువు నీళ్ళలో వేర్లు సగానికి సగం పొట్టిగా ఉన్నా, చివర్లు లావెక్కి గోధుమ రంగుకి తిరిగినా ఆ నీటిలో ఏదో ఉంది. అది లోహమా, ఉప్పా, ఇంకో మందా అన్నది ఈ పరీక్ష చెప్పదు, ల్యాబ్‌కి వెళ్ళాలి. వేర్లు బాగున్నాయని చేపలో పాదరసం లేదు అనీ కాదు, ఎందుకంటే అది నీటిలో కనపడనంత తక్కువ ఉన్నా చేపలో పేరుకుంటుంది.

ఇక ఆ పాప విషయంలో పెద్దాయనకి చెప్పిన పనులు ఇక్కడ కూడా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, పైకి తెలియకపోయినా ఎకో తీయించాలి. థైరాయిడ్, చూపు, వినికిడి పరీక్షలు ఆలస్యం చేయకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డౌన్ సిండ్రోమ్ ఉంది, జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రంలో ఫిజియోథెరపీ, మాటల శిక్షణ ఇస్తారు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత బాగా నడుస్తారు, మాట్లాడతారు. ఆశా కార్యకర్తని అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది. ఉల్లి వేర్లు కొలిచే పద్ధతి వీడియోలో రోజువారీగా చూపించాను, లింకు కింద ఉంది.